తోటకూరా, క్యాబేజీయా? కూలితల్లి క్యారేజీలో ఏముంది?

“ఆకుకూర తింటే రక్తం పడుద్దని నర్సమ్మ చెప్పింది బాబూ. క్యాబేజీ గూడా ఆకే గదా, అది తింటే పడదా?”

పల్నాడులో ఒక మిరపచేలో మాకు ఎదురైన ప్రశ్న ఇది. ఫిబ్రవరి నెల. కాయకోతలు ముమ్మరంగా ఉన్నాయి. మేము వెళ్ళింది కోత కూలి రేట్ల గురించి మాట్లాడదామని. పన్నెండున్నరకు ముఠా ఆడవాళ్ళంతా గట్టు మీది వేపచెట్టు కిందికి చేరి క్యారేజీలు విప్పారు. సగానికి పైగా గిన్నెల్లో క్యాబేజీ కూరే. మిగిలిన వాటిలో టమాటా పచ్చడి, వంకాయ, ఒకదాంట్లో ఉత్త చారు. కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాలు కాస్త ఎడంగా కూర్చుని జొన్నరొట్టెలో పుంటికూర నంజుకుంటున్నాయి.

అడిగిన ఆమెకు ముప్ఫై దాటి ఉండవు. ఇద్దరు పిల్లల తల్లి. రెండు సాళ్ళు కోసేసరికి ఆయాసం వస్తోందట, వంగి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయట. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి ఏడున్నర ఉందన్నారు. “తోటకూర, పాలకూర బాగా తినమ్మా” అని చెప్పి పంపించారు. ఆమె ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంది. తోటకూర ఏరి, కడిగి, తరగాలంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచే మనిషికి కుదిరే పనేనా? క్యాబేజీ అయితే గడ్డ తీసి నాలుగు కోతలు కోస్తే చాలు. అదీ ఆకే గదా.

మాకు వెంటనే సమాధానం తోచలేదు. ‘తోటకూరే మంచిదమ్మా’ అని అనేసి కూలిరేట్ల ముచ్చటలోకి దిగిపోవచ్చు. కానీ ఏడున్నర గ్రాముల రక్తంతో ఎండలో మిరపకాయ కోస్తున్న మనిషికి సగం నిజం చెప్పి రావడం మాకు నచ్చలేదు. తిరిగి వచ్చాక పుస్తకాలు తీశాం, తెలిసిన డాక్టర్లను అడిగాం. ఆ తేలిన సంగతులే ఈ వారం ఇక్కడ రాస్తున్నాం.

పట్టికలో తోటకూర

మన దేశంలో ఏ కూరలో ఏముందో కొలిచి చెప్పే పని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది. ఆ సంస్థ పుట్టుక కథ కూడా మన జనానికి సంబంధించిందే. 1918లో నీలగిరి కొండల మీద కూనూరులో, బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒక చిన్న విభాగంగా అది మొదలయింది. ఆ జబ్బు అప్పట్లో పీడించిన ప్రాంతాల్లో మన సర్కారు జిల్లాలు ముఖ్యమైనవి. మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం మీదే బతికిన జనం కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె ఆగి చనిపోయేవారు. తవుడు పోయిన బియ్యంలో బి-1 విటమిన్ ఉండదన్న సంగతి తరవాత తేలింది. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలి వచ్చింది.

ఈ సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పదార్థాల పట్టికల్లో నూరు గ్రాముల పచ్చి తోటకూరకు, నూరు గ్రాముల క్యాబేజీకి ఇచ్చిన లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాం. సులువుగా అర్థం కావడానికి అంకెలను కొంచెం గుండు చేసి చెబుతున్నాం.

మాంసకృత్తులు తోటకూరలో 3.3 గ్రాములు, క్యాబేజీలో 1.4. ఎముకకు బలమిచ్చే సున్నం, అంటే కాల్షియం, తోటకూరలో 330 మిల్లీగ్రాములు ఉంటే క్యాబేజీలో 52. ఇనుము తోటకూరలో 4.6 మిల్లీగ్రాములు. క్యాబేజీలో ఎంతో తెలుసా? 0.35. అంటే ఒక నూరు గ్రాముల తోటకూరలో ఉన్న ఇనుము రావాలంటే కిలో మూడువందల గ్రాముల క్యాబేజీ తినాలి. సి విటమిన్ తోటకూరలో 83 మిల్లీగ్రాములు, క్యాబేజీలో 33.

కంటికి సంబంధించిన లెక్క దగ్గరికి వచ్చేసరికి ఇది పోటీయే కాదు. ఆకుపచ్చ రంగు వెనక దాగి ఉండే కెరోటిన్ అనే పదార్థం మన ఒంట్లో ఎ విటమిన్‌గా మారుతుంది. నూరు గ్రాముల తోటకూరలో అది ఎనిమిది వేల మైక్రోగ్రాములకు పైబడి ఉంది. పన్నెండు వంతుల కెరోటిన్‌కు ఒక వంతు ఎ విటమిన్ అని కట్టినా ఏడువందలు తేలుతుంది. ఆడమనిషికి రోజుకు కావలసింది 840. వండడంలో కొంత పోయినా ఒక పూట కూరతో సగానికి తక్కువ కాకుండా అందుతుంది. క్యాబేజీ లోపలి తెల్లటి ఆకులో కెరోటిన్ ఉందీ అంటే ఉంది, నామమాత్రం. పైనుండే ముదురు పచ్చ ఆకుల్లో కొంత మెరుగ్గా ఉంటుంది గానీ, సంతకు చేరేలోపే వాటిని వొలిచి పశువులకు వేస్తారు. గడ్డ తెల్లగా, గట్టిగా ఉంటేనే ధర.

ఎ విటమిన్ లేక పిల్లలకు రేచీకటి రావడం, ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి శాశ్వతంగా చూపు పోవడం మన పల్లెల్లో పాతతరం వాళ్ళు కళ్ళారా చూసిన సంగతే. ఈ సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970లో ప్రభుత్వం ఆరునెలలకొకసారి పిల్లల నోట్లో ఎ విటమిన్ మందు పోసే కార్యక్రమం మొదలుపెట్టింది. పాకలో దీపం పెట్టాక తడుముకుంటూ నడిచే పిల్లవాడిని ‘వీడికి కోడిచూపు’ అని ఎగతాళి చేసిన రోజుల్లో, అదే పాక వెనక చిలకతోటకూర ఎవరూ కోయకుండా ముదిరిపోతూ ఉండేది. ఇది మనం మర్చిపోకూడని చేదు నిజం.

ఇరవై అయిదు మూడున్నరగా ఎలా మారింది

ఇంతవరకు చదివి ‘అయితే తోటకూర తింటే రక్తం పడుతుందన్నమాట’ అని సంబరపడేవాళ్ళు ఒక్క నిమిషం ఆగాలి. ఇక్కడొక కథ ఉంది.

1971లో ఇదే సంస్థ అచ్చువేసిన పుస్తకంలో నూరు గ్రాముల లేత తోటకూరలో ఇనుము 25.5 మిల్లీగ్రాములు అని ఉండేది. ఆ అంకె బడి పాఠాల్లోకి, నర్సుల శిక్షణలోకి, గోడమీది బొమ్మల్లోకి, మా బోటి పత్రికలవాళ్ళ వ్యాసాల్లోకి ఎక్కింది. 1989లో సవరించిన పుస్తకం వచ్చేసరికి అదే తోటకూరలో ఇనుము 3.49కి దిగింది. ఆకు మారలేదు, కొలత మారింది. ఆకుకు అంటిన మట్టిలోని ఇనుము కూడా లెక్కలో కలిసిపోవడం, పాత పరీక్షా పద్ధతుల లోపం, ఇలాంటి కారణాలు చెబుతారు. 2017 లెక్కలో అది 4.6. ఏ నేలలో పెరిగింది, ఏ రకం, లేతదా ముదురుదా అన్నదాన్ని బట్టి కొంత తేడా ఎలాగూ ఉంటుంది. కానీ పాతిక మాత్రం కాదు.

అంకె మారినా సలహా మారలేదు. ఇప్పటికీ రక్తం తక్కువని వెళితే ‘ఆకుకూర తిను’ అని పంపించడమే. లెక్క చూద్దాం. ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అందాలని 2020లో జాతీయ పోషకాహార సంస్థ, వైద్య పరిశోధనా మండలి నిర్ణయించాయి. మగవాడికి 19 చాలు. నెలనెలా పోయే రక్తం మూలంగా ఆడవాళ్ళకు ఎక్కువ కావాలి. నూరు గ్రాముల తోటకూర ఇచ్చేది అందులో ఆరో వంతుకు కూడా తక్కువ. పైగా తిన్నదంతా ఒంటికి పట్టదు. అన్నం, ఆకులు, గింజలు తినే మన తిండిలో నూటికి అయిదు నుంచి ఎనిమిది పాళ్ళు ఇనుము మాత్రమే రక్తంలోకి పోతుంది. మాంసంలోని ఇనుము ఇంతకంటె ఎంతో బాగా పడుతుంది. తోటకూరలో ఉన్న సున్నం సంగతీ ఇంతే. ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువగా ఉండి సున్నాన్ని పట్టేసుకుంటుంది, సగం పైనే వృథా. ఈ ఒక్క విషయంలో క్యాబేజీ మేలు. దానిలో సున్నం తక్కువే అయినా, ఉన్నది బాగా ఒంటబడుతుంది.

కాబట్టి చేలో ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. క్యాబేజీకన్నా తోటకూర అన్ని విధాలా పై మెట్టున ఉంది. దాన్ని తినాలి. పిల్లల కళ్ళకు, కాన్పులో కావలసిన ఫోలిక్ ఆమ్లానికి, మలబద్ధకానికి, రోజూ తినే వట్టి అన్నానికి తోడుగా అంతకన్నా చౌకైన వస్తువు లేదు. రక్తహీనత రాకుండా కాచుకోవడంలో దానికీ ఒక పాత్ర ఉంది. కానీ ఏడున్నరకు పడిపోయిన రక్తాన్ని తోటకూర నిలబెట్టదు. కడుపుతో లేని ఆడవాళ్ళలో పన్నెండు ఉండాలి. ఎనిమిది లోపు ఉంటే అది తీవ్రమైన రక్తహీనత. దానికి మందు కావాలి, కారణం ఏమిటో డాక్టరు వెతకాలి. నెలసరి ఎక్కువగా పోతోందా, కడుపులో కొంకిపురుగులున్నాయా, మరేదైనా జబ్బా చూడాలి. చెప్పులు లేకుండా చేలో, బహిర్భూమిలో తిరిగే కాళ్ళ ద్వారా కొంకిపురుగు ఒంట్లోకి దూరి పేగులకు అంటుకుని రక్తం తాగుతుంది. పైనుంచి ఎంత పోసినా కింద కారిపోయే కుండ లాంటిదే అప్పుడు మన ఒళ్ళు. ఆకుకూర తినమని చెప్పి ఆమెను ఇంటికి పంపడం వైద్యం కాదు, వదిలించుకోవడం.

ఈమె ఒక్కతే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. అయిదేళ్ళలోపు పిల్లల్లో ఆంధ్రలో 63.2, తెలంగాణలో 70. ముఠాలో పదిమంది ఉంటే ఆరుగురు ఈ లెక్కలోకి వస్తారు. ఈ ఆరుగురూ తోటకూర రుచి తెలియనివాళ్ళా?

క్యాబేజీ మీద మాకు కోపం లేదు

క్యాబేజీ కూలీ ఇంట్లోకి ఊరికే రాలేదు. మేము అడిగితే ముఠా మేస్త్రి సూటిగా చెప్పింది: “ఆదివారం సంతలో రెండు గడ్డలు తెస్తే బుధారం దాకా చూసుకోనక్కర్లా. తోటకూర పొద్దున తెస్తే మాపటికి వడిలిపోద్ది. ఫ్రిజ్జులు మాకెక్కడియ్యి? కట్ట విప్పి పుచ్చులు ఏరి, మట్టి పోయిందాకా మూడు నీళ్ళు కడిగేలోపు ఆటో వచ్చి హారన్ కొడతా ఉంటది. ఇంత కూర వండితే ఇంతే అవుద్ది, గుప్పెడు. నలుగురికి ఏం చాలుద్ది?”

ఇందులో ఒక్క మాట కాదనలేనిది లేదు. నిలవ ఉండడం, పొద్దు కలిసిరావడం, గిన్నె నిండడం, ఇవి పట్టికల్లోకి ఎక్కని విలువలు. పోషకాల లెక్కలు రాసేవాళ్ళు నూరు గ్రాములకు ఎంత అని చూస్తారు, కూలీ తల్లి నాలుగున్నరకు ముందు ఎంత అని చూస్తుంది. ఇంటిపని మగవాళ్ళు పంచుకుంటే ఆ అరగంట దొరుకుతుంది గదా అని మేము అన్నాం. ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. పక్కన బస్తాలు కుడుతున్న మగవాళ్ళు వినిపించనట్టు ఊరుకున్నారు. సంఘంలో మీటింగు మీద మీటింగు పెట్టే మనం కూడా ఈ విషయం మీద ఎన్ని మీటింగులు పెట్టామో తలుచుకుంటే మంచిది.

క్యాబేజీలో మాకు నచ్చనిది ఒకటుంది. చలికాలపు పంట అది. ఎండలు ముదిరాక మన పల్లాల్లో సరిగా రాదు, బయటి నుంచి లారీల్లో దిగుతుంది. డైమండ్ బ్యాక్ అనే రెక్కపురుగు దానికి పెద్ద బెడద. ఆ పురుగు మందులకు లొంగడం మానేసిన కొద్దీ రైతు కొట్టే దఫాలు పెరిగాయి. పొరల మధ్య మందు ఉండిపోతుంది. పై రెండు మూడు ఆకులు తీసేసి, తరిగే ముందు ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచి కడగడం మంచిది. ఆకుకూరల మీద మందు కొట్టరని కాదు, కొడుతున్నారు. మురికి కాలవ పక్కన పెంచే తోటకూర పట్నాల చుట్టూ ఎంత అమ్ముడవుతుందో అందరికీ తెలుసు. పెరట్లోది అయితే ఏమి కొట్టామో మనకు తెలుస్తుంది.

ఒడిలోకి వచ్చిన కూర ఏమైపోయింది

అసలు పల్లెలో తోటకూర కొనుక్కోవడమేమిటి అని ముఠాలో ఒక ముసలమ్మ ఆశ్చర్యపోయింది. ఆమె వయసులో ఉన్నప్పుడు కలుపుకు వెళితే సాయంత్రానికి ఒడి నిండేది. చేలో కలుపు అంటే అదంతా పారేసేది కాదు. చిలకతోటకూర, ముళ్ళతోటకూర లేత చిగుళ్ళు, చెంచలి, గునుగు, తుమ్మి, పొన్నగంటి, గంగవావిలి, అటికమామిడి. పీకిన కలుపులో తినేది ఒడిలో వేసుకుని, మిగతాది గట్టు మీద పడేసేవారు. ఆసామికి అభ్యంతరం లేదు, ఆయన కళ్ళకు అది కలుపే. కూలి డబ్బులు చేతికి, కూర ఒడిలోకి. మెదక్ వైపు జహీరాబాద్ ప్రాంతంలో పేద దళిత మహిళల సంఘాలతో పనిచేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, విత్తకుండా పండే ఇలాంటి కూరలను పదులకొద్దీ లెక్కగట్టి నమోదు చేసింది.

ఆ ఒడి ఇప్పుడు ఖాళీ. పత్తి, మిరప, మొక్కజొన్న చేలల్లో కలుపు మందులు వచ్చి పడ్డాయి. వారంలో చేను శుభ్రం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో గ్లైఫోసేట్ మందును ఎవరంటే వాళ్ళు చల్లకూడదని, పురుగు నివారణ పనిలో లైసెన్సు ఉన్నవాళ్ళే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు కాగితం మీద ఉంది, చేల గట్లు మాత్రం పసుపు పచ్చగా మాడి కనిపిస్తున్నాయి. దీనివల్ల కూలితల్లికి జరిగిన నష్టం రెండింతలు. కలుపు పనిదినాలు పోయాయి. ఆ పనితో పాటు, డబ్బుతో లెక్కకట్టని కూర కూడా పోయింది. పనిదినాలు పోవడం గురించి మనం మాట్లాడుతూనే ఉన్నాం. కూర పోవడం గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అది ఏ మస్టరులోనూ లేదు.

రైతును తిట్టి ప్రయోజనం లేదు. ఎకరాకు వేలకు వేలు కౌలు ముందే కట్టి, అప్పు తెచ్చి సాగుచేసే కౌలురైతుకు మూడుసార్లు కలుపు తీయించే స్తోమత ఉండదు. డబ్బా మందు చవక. ఈ పరిస్థితిలోకి అతన్ని నెట్టినవాళ్ళు వేరే ఉన్నారు. అది ఇంకొక వ్యాసం.

ఒక్క హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. కలుపుమందు, పురుగుమందు కొట్టిన చేల నుంచి, ఆ గట్ల మీద నుంచి కూర కోసుకురావద్దు. ఆకు పచ్చగా కనిపించినా సరే. మందు ఎప్పుడు కొట్టారో అడిగి తెలుసుకోవాలి, తెలియకపోతే ముట్టుకోకూడదు.

సెంటున్నరలో పెరడెక్కడ

చేలో పోతే పెరట్లో పెంచుకోమంటారు. వినడానికి బాగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి పేదలకు పల్లెల్లో ఇచ్చిన ఇంటిస్థలం సెంటున్నర, అంటే డెబ్బై రెండు గజాలు. పట్నాల్లో ఒక్క సెంటే. అందులో రెండు గదులు, మరుగుదొడ్డి, నీళ్ళతొట్టి పోను మిగిలేది బట్టలారేసుకునే సందు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్నాల్లో రెండు సెంట్లు ఇస్తామని చెప్పింది. ఇంటిస్థలాల కోసం దరఖాస్తులు రాసే కార్యకర్తలు పెరడు అన్న మాటను కూడా అందులో రాయాలని మా సూచన. ఇల్లంటే పడుకునే చోటే అనుకోవడం మానాలి. ఆసాములు ఇల్లు కట్టుకున్నప్పుడు పెరడు వదలకుండా కట్టుకుంటున్నారా?

నీళ్ళ సంగతి కూడా ఉంది. వీధి కుళాయి రెండు రోజులకొకసారి వచ్చే కాలనీలో ఆకుకూర మడికి నీళ్ళు పొయ్యమంటే నవ్వుతారు. అంట్లు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు మళ్ళించి పెంచుతున్నవాళ్ళను మేము చూశాం. సబ్బు ఎక్కువ కలిసిన నీళ్ళు మాత్రం పనికిరావు.

ఉన్నంతలో చేసుకోగలిగింది

జాగా ఉన్నవాళ్ళకు తోటకూరంత తేలికైన పంట లేదు. సెంటు మడికి పది గ్రాముల గింజలు చాలు. గింజ ఆవగింజకన్నా సన్నం కాబట్టి ఇసుకలో కలిపి చల్లాలి, లేకపోతే ఒకేచోట గుంపుగా పడుతుంది. చల్లి పైన పలుచగా మన్ను కప్పి, చీమలు గింజలు ఎత్తుకుపోకుండా చూసుకోవాలి. మూడు నాలుగు వారాల్లో పీకి వండుకోవచ్చు. ఒకేసారి మడి అంతా చల్లకుండా పదిరోజులకొక మూల చల్లుకుంటే ఇంటికి ఎప్పుడూ లేతకూర ఉంటుంది. ఎండకు తట్టుకునే మొక్క అది, క్యాబేజీలాగా చలి కోసం చూడదు. కొయ్యతోటకూర అయితే నిలువునా పెరగనిచ్చి ఆకులు గిల్లుకుంటూ ఉండవచ్చు, చివరకు కాడలు పులుసులోకి. ఒక మునగమొక్క వేసుకోగలిగితే మరీ మేలు. మునగాకులో కెరోటిన్, మాంసకృత్తులు తోటకూరకు రెట్టింపు దాకా ఉన్నాయి. రోజూ నీళ్ళు పొయ్యనక్కర్లేదు.

వండే పద్ధతిలో కొంచెం జాగ్రత్త పడితే ఉన్న సత్తువ పోదు. తరిగాక కడగకూడదు, కడిగి తరగాలి. నీళ్ళు ఎక్కువ పోసి ఉడికించి వార్చేస్తే సి విటమిన్ ఆ నీళ్ళతో పాటే పోతుంది. మూతపెట్టి కొద్ది నీళ్ళలో మగ్గించాలి. కెరోటిన్ ఒంటబట్టాలంటే కాస్త నూనె తగలాలి, వేరుశనగపప్పు పొడి చల్లినా సరే. ఇనుము పట్టాలంటే పులుపు కావాలి. నిమ్మకాయ బద్ద పిండుకోవడం, అన్నం తిన్నాక ఒక జామకాయ తినడం మంచిది. మూత్రపిండాల్లో రాళ్ళున్న వాళ్ళు మాత్రం తోటకూర, పాలకూర డాక్టరును అడిగి తినాలి.

మరొక్కటి. చేలల్లో అన్నం తినగానే ఆసామి పంపించే టీ తాగడం అందరికీ అలవాటు. ఆ టీలోని వగరు పదార్థం తిన్న ఇనుమును ఒంటబట్టనివ్వదు. టీ మానమని మేము చెప్పం, చెబితే వినేవాళ్ళు ఎవరు? అన్నానికి గంట ముందో, గంట తరవాతో తాగితే చాలు.

ఇదంతా రాస్తూ మాకు ఒక భయం ఉంది. ‘పేదవాళ్ళు తోటకూర తింటే చాలు, ఇంకెందుకు అడుగుతారు’ అనే పెద్దమనుషులకు ఈ వ్యాసం పనికి రాకూడదు. రోజంతా వంగి పనిచేసే ఒంటికి పప్పు కావాలి, గుడ్డు కావాలి, వారానికొకసారయినా మాంసమో చేపో కావాలి. చౌకదుకాణంలో బియ్యంతో పాటు కందిపప్పు నెలనెలా సరిగా అందాలి. అంగన్‌వాడీ గుడ్డు పిల్లవాడి నోటిదాకా రావాలి. ఇవేవీ ఆకుకూర కట్టతో తీరవు. కోత కూలి ఎంత అన్న ప్రశ్న, మేము అసలు ఏ ప్రశ్న మీద ఆ చేనుకు వెళ్ళామో ఆ ప్రశ్న, ఈ క్యారేజీ గిన్నెలోకే వచ్చి ఆగుతుంది.

పదిరోజుల తరవాత మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. ఆ తల్లి ఆసుపత్రికి తిరిగి వెళ్ళింది. సంఘం కార్యకర్త ఒకామె వెంట వెళ్ళి, ఏడున్నర చీటీ చూపించి గట్టిగా అడిగితే ఎర్ర మాత్రలు ఇచ్చారు, పురుగుల మాత్ర ఇచ్చారు, మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. నాలుగు రోజులు వేసుకుని ఆపేసిందట. “విరేచనం నల్లగా అయితాంది, కడుపులో తిప్పుతాంది. ఏమైద్దోనని భయమేసింది” అంది. ఇనుము మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగానే ఉంటుంది, దాంతో ఏ ప్రమాదమూ లేదు. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో కాదు, పాలతో కాదు. ఈ నాలుగు మాటలు మాత్రలు చేతిలో పెట్టినప్పుడే చెప్పాల్సింది. ఎవరూ చెప్పలేదు. మేము చెబితే మళ్ళీ మొదలుపెడతానంది. మాత్రలు అయిపోయాక మళ్ళీ వెళ్ళాలా అని అడిగింది. వెళ్ళాలన్నాం, రక్తం పన్నెండుకు వచ్చాక కూడా కొన్ని నెలలు వేసుకోవాలన్నాం.

“అయితే ఆ పూట కూలి పోద్ది” అంది. కాసేపు ఆలోచించి ముఠా మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి సాళ్ళలోంచి తల ఎత్తకుండానే, “పోనీలేవే, నీ సాళ్ళు మేం పంచుకుంటాంలే” అంది.